ఏజెంటు దొర నుంచి గ్రామసభ దాకా: మన ఊరి మీద నిర్ణయం ఎవరిది?



డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుతున్న మనందరికీ ఈ బిట్లు నోటికి వచ్చు. పెసా చట్టం ఎప్పుడు వచ్చింది? 1996 డిసెంబర్ 24. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన ఏ ఆర్టికల్? 244. ఐదో షెడ్యూల్ ఎన్ని రాష్ట్రాల్లో ఉంది? పది. జవాబు గుర్తు పెట్టేసి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతాం.

కానీ ఈ బిట్లన్నిటి వెనకా ఉన్నది ఒకటే ప్రశ్న. మన గూడెం మీద, మన పోడు మీద, మన వాగులో ఇసుక మీద, మన బడిలో పాఠం చెప్పే మాస్టారు మీద నిర్ణయం ఎవరిది? గూడెందా, మండలానిదా, ఐటీడీఏదా, రాష్ట్రానిదా, ఢిల్లీదా? ఈ ప్రశ్నకు 1839 నుంచి ఒక్కో కాలంలో ఒక్కో జవాబు వచ్చింది. ఆ జవాబులు ఎలా మారాయో, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో వరసగా చెప్పుకుందాం. పోస్టు పెద్దదే. తీరిక చేసుకుని చదవండి.

"ఏజెన్సీ" అనే మాట ఎక్కడిది?

"మాది ఏజెన్సీ" అని మనం అలవాటుగా అంటాం. అసలు ఈ ఏజెంటు ఎవరు? 1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం అక్కడ మామూలు కోర్టులు, మామూలు చట్టాలు నడవవు. జిల్లా కలెక్టరే గవర్నర్‌కు ఏజెంటుగా ఉండి పాలన నడుపుతాడు. ఆ ఏజెంటు చేతిలో ఉన్న ప్రాంతం కాబట్టి "ఏజెన్సీ" అయింది. అంటే మనం మన ఊరికి పెట్టుకున్న పేరులోనే పైనుంచి వచ్చిన అధికారి ఉన్నాడు. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చి ఇదే పద్ధతిని మరిన్ని ప్రాంతాలకు పాకించింది. పన్ను వసూలు చేసేదీ, పోలీసును పంపేదీ, తీర్పు చెప్పేదీ ఒకే దొర.

అంతకుముందు ఎవరు పాలించారు? గోదావరి, విశాఖ మన్యంలో కొన్ని ఊళ్ళను కలిపి ముఠా అనేవారు. దాన్ని చూసుకునేవాడు ముఠాదారు. గోండు ఊళ్ళలో పట్ల, సవర ఊళ్ళలో గొమాంగో ఉండేవారు. భూమి ఎవరు దున్నాలి, వేట ఎప్పుడు, పండగ ఎప్పుడు, తగాదా ఎలా తీర్చాలి అన్నది ఊరు కూర్చుని తేల్చుకునేది. ఆ కాలం అంతా బంగారం అని మేము అనడం లేదు. ముఠాదారులు కూడా మన వాళ్ళ చేత వెట్టి చేయించుకున్నారు. పంచాయితీలో కూర్చున్నది మగవాళ్ళే. ఆడవాళ్ళ మాట చాలాచోట్ల ఇంటి గుమ్మం దాటలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

రంపలో మున్సబుదారు, అతని కింద ముఠాదారులు, పైన బ్రిటిష్ సర్కారు. ఊరికీ సర్కారుకీ మధ్య ఉన్న ఈ మున్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వేశాడు. సర్కారు ఆబ్కారీ కాంట్రాక్టర్లను దింపింది. తన చెట్టు కల్లు తాను తాగడానికి కూడా కొండరెడ్డి, కోయ పన్ను కట్టాల్సి వచ్చింది. ఎవరికి చెప్పుకోవాలి? ఊరి మాటను పైకి తీసుకెళ్ళే దారి ఒక్కటీ లేదు. 1879లో చోడవరం వైపు మొదలైన పితూరీ గోదావరి, విశాఖ మన్యాలను చుట్టేసింది. ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి, తమ్మన్నదొర పేర్లు ఈనాటికీ మన్యం మర్చిపోలేదు. దాన్ని అణిచాక సర్కారు మున్సబుదారును తీసేసి, ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. మధ్యలో మనిషి మారాడు గానీ నిర్ణయం ఊరికి రాలేదు.

ఆ వెనకే 1882లో మద్రాసు అటవీ చట్టం. అడవి రిజర్వు అయింది, పోడు నేరమైంది. రోడ్డు పనికి సరిగా కూలి ఇవ్వకుండా వెట్టి చేయించారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైన అల్లూరి సీతారామరాజు పోరాటంలో గాం గంటందొర, మల్లుదొర సోదరులు ముందు నిలిచారు. 1924 మేలో సీతారామరాజును చంపేశారు. గంటందొర కూడా ఆ పోరాటంలోనే ప్రాణం ఇచ్చాడు. మల్లుదొర శిక్ష అనుభవించి తిరిగొచ్చాడు. 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఎంత పెద్ద సంగతి! మన మనిషి ఢిల్లీ దాకా వెళ్ళాడు. కానీ మన్యంలో ఊరి నిర్ణయం మాత్రం ఊరికి తిరిగి రాలేదు. ప్రతినిధి పైకి వెళ్ళడం ఒకటి, అధికారం కిందికి రావడం ఇంకొకటి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే మనం చాలా కాలం మోసపోయాం.

రక్షణ ఇచ్చారు, అధికారం ఇవ్వలేదు

బ్రిటిష్ వాళ్ళు చేసిన ఒక మంచి చట్టం కూడా చెప్పుకోవాలి. 1917 ఏజెన్సీ భూబదలాయింపు చట్టం. కొండ గిరిజనుల భూమిని బయటివాళ్ళు కొంటే చెల్లదు అని చెప్పింది. షావుకారు అప్పుకు భూమి పోకుండా అడ్డుకోవడానికి ఇది మొదటి గట్టి ప్రయత్నం. అయితే అందులో ఒక తలుపు తీసి పెట్టారు. ఏజెంటు అనుమతి ఇస్తే అమ్మకం చెల్లుతుంది. అంటే తాళం మన ఇంటికే, తాళంచెవి మాత్రం దొర జేబులో.

అటు నిజాం రాజ్యంలోనూ ఇదే కథ. ఆదిలాబాద్ గోండు, కోలాం గూడేల్లోకి అటవీ శాఖ, పట్టాలు రాయించుకున్న బయటి రైతులు వచ్చిపడ్డారు. కుమ్రం భీం అడిగింది ఒక్క చెక్క భూమి కాదు. జోడేఘాట్ చుట్టూ పన్నెండు ఊళ్ళ మీద మన రాజ్యం అడిగాడు. జల్, జంగల్, జమీన్ అంటే అదే. నీరు, అడవి, నేల మీద నిర్ణయం మాది అని. 1940లో ఆయన్ని కాల్చి చంపారు. ఆ తర్వాత నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపించి అధ్యయనం చేయించింది. గోండులకు, కోలాములకు పట్టాలు వచ్చాయి. మార్లవాయిలో గోండీ బోధనకు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వచ్చింది. గిరిజన ప్రాంతాలకు వేరే నిబంధనలు వచ్చాయి. ఇవన్నీ మేలే. ఎవరూ కాదనరు. కానీ గమనించండి. భీం అడిగింది అధికారం, సర్కారు ఇచ్చింది రక్షణ.

ఈ రెండు మాటల తేడాయే ఈ పోస్టు సారం. రక్షణ అంటే మన తరఫున ఇంకొకరు నిర్ణయం తీసుకోవడం. ఆ అధికారి మంచివాడైతే బతుకుతాం, బదిలీ అయితే మళ్ళీ మొదటికొస్తాం. అధికారం అంటే మనం నిర్ణయం తీసుకోవడం, పైవాళ్ళు దానికి కట్టుబడి ఉండడం.

రాజ్యాంగ సభలో రెండు దారులు

1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి మాట్లాడాడు. ఆదివాసీలకు ప్రజాస్వామ్యం నేర్పాల్సింది లేదనీ, తక్కినవాళ్ళే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలనీ ఆయన వాదన. ఆ తర్వాత రెండు ఉపసంఘాలు పనిచేశాయి. అస్సాం కొండ ప్రాంతాలకు గోపీనాథ్ బర్దొలాయ్ నాయకత్వంలో ఒకటి, మిగతా దేశానికి ఏ.వి. ఠక్కర్ నాయకత్వంలో ఇంకొకటి. రెండూ రెండు దారులు చూపించాయి.

బర్దొలాయ్ దారి ఆరో షెడ్యూల్ అయింది. స్వయంపాలిత జిల్లా మండళ్ళు. భూమి, ఊరి పాలన, పోడు, వారసత్వం, పెళ్ళి ఆచారాల మీద చట్టాలు చేసే అధికారం. సొంత ఊరి కోర్టులు. కొన్ని పన్నులు వేసే అధికారం. ఈ రోజు అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరంలలో ఇది నడుస్తోంది.

ఠక్కర్ దారి ఐదో షెడ్యూల్ అయింది. మనది ఇదే. ఇక్కడ చట్టం చేసే మండలి లేదు. గవర్నర్ ఉన్నాడు. ఏ చట్టమైనా షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదు అని ఆయన ఒక్క నోటిఫికేషన్‌తో ఆపగలడు. శాంతి కోసం, మంచి పాలన కోసం రెగ్యులేషన్లు చేయగలడు, దానికి రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. ఇరవై మందికి మించని గిరిజన సలహా మండలి ఉంటుంది. అందులో దాదాపు మూడొంతులు ఎస్టీ ఎమ్మెల్యేలే. కాగితం మీద గవర్నర్‌కు ఉన్నది మామూలు అధికారం కాదు.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర చాలామందికి తెలియదు. మొదటి ముసాయిదాలో సలహా మండలి కోరితే గవర్నర్ కొన్ని విషయాల్లో ఆ ప్రకారం చేసి తీరాలి అన్నట్టు ఉంది. 1949 సెప్టెంబర్‌లో సవరించిన ముసాయిదా వచ్చేసరికి అది మారింది. మండలిని సంప్రదిస్తే చాలు. జైపాల్ సింగ్ దీనికి గట్టిగా అభ్యంతరం చెప్పాడు. "చేసి తీరాలి" నుంచి "సంప్రదిస్తే చాలు"కు మారిన ఆ ఒక్క మార్పు మన మూడు తరాలను వెంటాడింది. సలహా మండలి చాలావరకు పిలిచినప్పుడు కూర్చుని, టీ తాగి, సంతకం పెట్టి వచ్చే సభగా మిగిలిపోయింది.

గవర్నర్ల సంగతీ అంతే. కలానికి అంత బలం ఉన్నా వాడింది తక్కువ. వాడినచోట మేలు జరిగింది కూడా. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని బిగించిన 1970 రెగ్యులేషన్ గవర్నర్ అధికారంతో వచ్చినవే. 1 ఆఫ్ 70 అని మన ఊళ్ళలో చదువురాని ముసలమ్మ కూడా చెబుతుంది. గిరిజనేతరుల మధ్య కూడా ఏజెన్సీ భూమి చేతులు మారకూడదు అన్న చట్టం అది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా భావించాలి, కాదని వాడే నిరూపించుకోవాలి అని కూడా చెప్పింది. అది లేకపోతే ఈ రోజు మన దగ్గర మిగిలిన భూమి కూడా ఉండేది కాదు. పై అధికారం అవసరమే లేదు అని ఎవరైనా అంటే 1 ఆఫ్ 70ని చూపించండి.

కానీ ఆ చట్టం ఎప్పుడు వచ్చిందో కూడా చూడండి. 1967లో శ్రీకాకుళం ఏజెన్సీ రగిలింది, 1970లో చట్టం బిగిసింది. ఐటీడీఏలు కూడా శ్రీకాకుళం మంటల తర్వాత, 1970లలోనే వచ్చాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. చట్టం పుట్టి అప్పటికి పదకొండేళ్ళు. చట్టం ఉంది, అమలు చేయించే అధికారం ఊరికి లేదు. అందుకే ఊరు సభ పెట్టుకుంది. సభకు తూటా వచ్చింది.

1996: మొదటిసారి ఊరికి పేరు పెట్టి ఇచ్చారు

1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. దేశమంతా పంచాయతీలకు రాజ్యాంగ హోదా. కానీ 243ఎం ఆర్టికల్ షెడ్యూల్డ్ ప్రాంతాలను బయట పెట్టింది. పార్లమెంటు వేరే చట్టం చేసి, మార్పులతో అక్కడికి తీసుకెళ్ళాలి అంది. ఆ మార్పులు ఎలా ఉండాలో చెప్పడానికి దిలీప్ సింగ్ భూరియా అధ్యక్షతన కమిటీ వేశారు. 1995లో నివేదిక వచ్చింది. బి.డి. శర్మ లాంటివాళ్ళు, దేశమంతా ఆదివాసీ సంఘాలు ఒత్తిడి చేస్తే 1996 డిసెంబర్ 24న పెసా వచ్చింది.

పెసాను బిట్లుగా కాక ఒక్కసారి ఊరి కళ్ళతో చదవండి. ఊరు అంటే రెవెన్యూ గ్రామం కాదు. తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు నడుపుకునే గూడెం, లేదా కొన్ని గూడేలు కలిసి ఒక ఊరు. ప్రతి ఊరికీ ఒక గ్రామసభ. ఆచారాలను, ఉమ్మడి వనరులను, తగాదాలు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉంది అని చట్టం ఒప్పుకుంది. పథకాలను ఆమోదించేది, లబ్ధిదారులను గుర్తించేది గ్రామసభ. డబ్బు సరిగా ఖర్చయింది అని ధ్రువీకరణ పత్రం పంచాయతీ తెచ్చుకోవాల్సింది గ్రామసభ దగ్గరే. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, సారా మీద నియంత్రణ, సంత, వడ్డీ వ్యాపారం, భూమి పోకుండా చూడడం, పోయింది తిరిగి ఇప్పించడం. ఇవన్నీ గ్రామసభకో, తగిన స్థాయి పంచాయతీకో రావాలి. అధ్యక్ష పదవులన్నీ ఎస్టీలకే.

అన్నిటికన్నా గొప్ప మాట నాలుగో సెక్షన్ చివర్లో ఉంది. పై స్థాయి పంచాయతీలు కింది స్థాయి పంచాయతీ అధికారాలను గానీ గ్రామసభ అధికారాలను గానీ లాక్కోకుండా రాష్ట్ర చట్టంలో రక్షణ ఉండాలి అని. ఇంకొక మాట, జిల్లా స్థాయిలో ఏర్పాట్లు చేసేటప్పుడు ఆరో షెడ్యూల్ నమూనాను అనుసరించడానికి ప్రయత్నించాలి అని. 1949లో వేరు చేసిన రెండు దారులను 1996లో కలపాలని చూశారన్నమాట.

పైనుంచి కిందికి వచ్చేలోపు ఏం జరిగింది?

పార్లమెంటు ఒక కుండ నీళ్ళు పోసింది. గూడెం చేరేసరికి గ్లాసు మిగిలింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించి పెసాను చేర్చింది. భూసేకరణకు ముందు ఎవరిని సంప్రదించాలి? గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని అని కేంద్ర చట్టం అంది. రాష్ట్ర చట్టం ఆ సంప్రదింపును మండల పరిషత్‌కు అప్పజెప్పింది. భూమి పోయేది గూడెంది, అడిగేది మండల కేంద్రంలో కూర్చున్న వాళ్ళని. నిబంధనలు రావడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది. చట్టానికీ నిబంధనలకూ మధ్య పదమూడేళ్ళు. 1998లో బడిలో చేరిన పిల్ల 2011 నాటికి ఇంటర్ పూర్తి చేసి ఉంటుంది.

ఇక కొన్ని చోట్ల గ్రామసభ అంటే ఏమైందో మనకు తెలుసు. కార్యదర్శి సంతకాల పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాడు. తీర్మానం ముందే రాసి ఉంటుంది. ఇసుక సొసైటీ మన పేరు మీద ఉంటుంది, లారీలు, లాభం ఇంకొకరివి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చాక కూడా ఊరికి రావాల్సిన ఉమ్మడి హక్కు పత్రం కొన్ని చోట్ల వన సంరక్షణ సమితుల పేరుకు వెళ్ళింది. అటవీ శాఖ ఏర్పాటు చేసిన సమితికి ఇస్తే ఊరికి ఇచ్చినట్టు అవుతుందా?

ఇంకో పెద్ద ఉదాహరణ 2014. పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతో పాటు భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో ఊళ్ళను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ముందు ఆర్డినెన్స్, తర్వాత పార్లమెంటులో చట్టం. రాజ్యాంగం మూడో ఆర్టికల్ ప్రకారం రాష్ట్ర సరిహద్దు మార్చాలంటే శాసనసభ అభిప్రాయం అడగాలి. గ్రామసభను అడగాలని ఎక్కడా లేదు. కోయ, కొండరెడ్డి ఊళ్ళు ఏ రాష్ట్రంలో ఉండాలి, నీళ్ళ కింద ఉండాలా పైన ఉండాలా అన్న నిర్ణయం ఢిల్లీలో జరిగింది. రెండు రాష్ట్రాలు తమ లెక్కలు తాము మాట్లాడుకున్నాయి. ఊరి లెక్క ఎవరు మాట్లాడారు?

ఊరి మాట నెగ్గిన చోట్లు

నిరాశ పడాల్సిన పని లేదు. నెగ్గిన చోట్లు కూడా ఉన్నాయి, అవి ఎందుకు నెగ్గాయో చూడాలి.

1997 జూలైలో సమత తీర్పు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద వేసిన కేసు. సుప్రీంకోర్టు ఏమంది? 1 ఆఫ్ 70లో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా వస్తుంది, ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదు అంది. ఊరు కదిలింది, సంస్థ నిలబడింది, దేశంలో అత్యున్నత కోర్టు అండగా వచ్చింది. 2015లో చింతపల్లి వైపు బాక్సైట్ కోసం జీవో 97 వచ్చినప్పుడు కూడా ఏజెన్సీ అంతా లేచింది. 2019లో ఆ జీవో రద్దయింది.

2013లో నియమగిరి. ఒడిశాలో డోంగ్రియా కోందుల కొండ. బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలు తేల్చాలని సుప్రీంకోర్టు ఏప్రిల్ 18న చెప్పింది. రాష్ట్రం వందకు పైగా ఊళ్ళలోంచి పన్నెండింటిని ఎంచుకుంది. వర్షాకాలంలో, జిల్లా జడ్జి సమక్షంలో సభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. తర్వాత కేంద్రం అనుమతి నిరాకరించింది. కొండ అక్కడే ఉంది.

గడ్చిరోలిలో మేంధా లేఖా అనే గోండు ఊరు. 2009లో అడవి మీద ఉమ్మడి హక్కు సాధించుకుంది. వెదురు అమ్ముకోవడానికి రవాణా పర్మిట్ పుస్తకం కోసం అటవీ శాఖతో కొట్లాడి 2011లో గ్రామసభ చేతిలోకే తెచ్చుకుంది. "మావ నాటే మావ రాజ్" అని మన ఆదిలాబాద్‌లో కూడా నినాదం ఉంది. మా ఊళ్ళో మా రాజ్యం. మేంధా దాన్ని గోడ మీద రాతగా వదిలేయకుండా లెక్కల పుస్తకంలోకి తెచ్చింది.

ఈ మూడింటిలో ఒక పోలిక ఉంది. ఒక్కచోట కూడా ఊరు ఒంటరిగా గెలవలేదు. అలాగని పైవాళ్ళు తమంతట తాము ఇవ్వలేదు. కింద గ్రామసభ గట్టిగా నిలబడింది, పైన చట్టమో కోర్టో దాని మాటకు బలం ఇచ్చింది. అధికారాన్ని పంచుకోవడం అంటే ఇదే.

ఓడిన సంగతి కూడా చెప్పుకోవాలి. అది మన అందరికీ తగిలిన దెబ్బ. 2000 జనవరిలో వచ్చిన జీవో 3. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు వంద శాతం స్థానిక ఎస్టీలకే. మనలో ఎంతమంది అక్కలు, అన్నలు దాని వల్ల టీచర్లయ్యారో లెక్క చూసుకోండి. గోండీ, కోయ, సవర, కువి మాట్లాడే పిల్లలకు వాళ్ళ మాట తెలిసిన టీచర్ దొరికింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. గవర్నర్ అధికారం ఎంత పెద్దదైనా ప్రాథమిక హక్కులను దాటిపోలేదు, వంద శాతం కుదరదు అంది. తీర్పు మీద మన అభ్యంతరాలు మనకున్నాయి. కానీ చరిత్ర చెప్పే పాఠం వేరే ఉంది. పైనుంచి ఒక కాగితంగా వచ్చింది పైనుంచే ఒక కాగితంగా పోయింది. పిల్లలున్న గూడేలను, బడి ఎలా నడవాలో ఒక్క గ్రామసభను, అడిగినవాళ్ళు లేరు. బడి లాంటి సామాజిక రంగాల సంస్థల మీద, ఉద్యోగుల మీద నియంత్రణ గ్రామసభకూ పంచాయతీకీ రావాలని పెసాలోనే ఉంది. ఆ తలుపును మనం ఇంతవరకూ గట్టిగా తట్టలేదు.

మరి ఎలా పంచుకోవాలి?

మేము మాట్లాడుకుని తేల్చుకున్నది ఇది. ఒప్పుకోకపోతే కామెంట్లో వాదించండి.

ఒకటి, దేని ఫలితం ఊరి పొలిమేర దాటదో దాని నిర్ణయం ఊరిదే. లబ్ధిదారులు ఎవరు, సంత ఎక్కడ, బెల్టుషాపు ఉండాలా వద్దా, చెరువు ఎలా వాడుకోవాలి, తునికాకు ఎవరికి అమ్మాలి. వీటిలో మండలానికీ ఐటీడీఏకీ పని సాయం చేయడమే.

రెండు, ఊరి నేలను, నీళ్ళను, సరిహద్దును మార్చే నిర్ణయం పైవాళ్ళు ఎంత పెద్ద ప్రయోజనం చెప్పినా ఊరి సమ్మతి లేకుండా జరగకూడదు. సంప్రదింపు చాలదు. 1949లో "సంప్రదిస్తే చాలు" అన్నందుకే ఇక్కడిదాకా వచ్చాం.

మూడు, ఊరు ఒక్కటీ చేయలేనిది పైవాళ్ళు చేయాలి. నిధులు, ఆసుపత్రి, హాస్టల్, భూమి కేసుల్లో తీర్పు, 1 ఆఫ్ 70 అమలు. నిధులు ఇవ్వకుండా విధులు అప్పజెప్పడం స్వయంపాలన కాదు, పని వదిలించుకోవడం.

నాలుగు, ఊరు తప్పు చేస్తే చెప్పడానికి పైన ఒకరు ఉండాలి. మొదట్లో గుర్తుంచుకోమన్నది ఇందుకే. మంత్రాల నెపంతో ముసలివాళ్ళను కొట్టినప్పుడు, ఆడపిల్లకు భూమిలో, సభలో చోటు ఇవ్వనప్పుడు "మా ఆచారం" అంటే కుదరదు. రాజ్యాంగం మన ఊరికి కూడా వర్తిస్తుంది. గ్రామసభలో సగం మంది ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడకపోతే అది పాత ముఠాదారు పంచాయితీయే, పేరు మారిందంతే.

"మన వాళ్ళకు చదువు లేదు, అధికారం ఇస్తే కాంట్రాక్టర్ కొనేస్తాడు కదా" అని మనలోనే కొందరు అంటారు. కొనడం సర్పంచ్ ఒక్కడే అయితే తేలిక, మండలంలో ఇద్దరే అయితే ఇంకా తేలిక. రెండు వందల మంది కూర్చున్న సభను కొనడం కష్టం. నియమగిరిలో డోంగ్రియాలకు డిగ్రీలు లేవు. పన్నెండు సభల్లో ఒక్క సభ కూడా అమ్ముడుపోలేదు.

"ఆరో షెడ్యూల్ తెచ్చేసుకుంటే సరిపోతుంది కదా" అని ఇంకొకరు అడుగుతారు. అడగాల్సిందే. కానీ జిల్లా మండలి వచ్చినంత మాత్రాన ఊరికి అధికారం వచ్చినట్టు కాదు. ఈశాన్యంలో కూడా నిధుల కోసం మండళ్ళు రాష్ట్రం వైపు చూడాల్సి వస్తోంది. కింద గ్రామసభ బలంగా లేకపోతే మండలి ఇంకో ఐటీడీఏ అవుతుంది, కుర్చీలో మన మనిషి ఉంటాడు, అంతే తేడా.

మనం చేయాల్సింది

తెలంగాణ 2018 చట్టంతో ఐదు వందల జనాభా దాటిన గూడేలు, తండాలు చాలావరకు పంచాయతీలయ్యాయి. ఆంధ్రలో అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాలు 2022లో వచ్చాయి. ఆఫీసు దగ్గరికొచ్చింది. అధికారం కూడా దగ్గరికి రావాలంటే ఎవరో ఒకరు కాగితం చదవాలి, చదివి వినిపించాలి. ఊళ్ళో ఆ పని చేయగలిగింది మనమే.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ గూడెం పెసా గ్రామసభగా నోటిఫై అయిందో లేదో కనుక్కోండి. ఆంధ్రలో అయితే పెసా కమిటీ ఉపాధ్యక్షుడు, కార్యదర్శి ఎవరో అడగండి. తీర్మానాల రిజిస్టర్ చూపించమనండి. చివరి ఐదు తీర్మానాలు ఊళ్ళో పదిమంది ముందు మన భాషలో చదవండి. "మేము ఇలా అనలేదే" అని ఎవరైనా అంటే, అదే మీ మొదటి గ్రామసభ. ఉమ్మడి అటవీ హక్కు పత్రం ఊరి పేరు మీద ఉందా, సమితి పేరు మీద ఉందా చూడండి. రాయ్ సెంటర్ ఉన్న ఊళ్ళలో పెద్దల దగ్గర కూర్చుని తగాదాలు ఎలా తీరుస్తారో రాసిపెట్టుకోండి. ఆచారాన్ని చట్టం గుర్తిస్తానంటోంది, అది కాగితం మీద ఉండాలి కదా.

మీ ఊళ్ళో చూసింది ఇక్కడ రాయండి. ఊరి పేరు, మండలం, ఆఖరి గ్రామసభ ఎప్పుడు జరిగింది, ఎంతమంది వచ్చారు, ఆడవాళ్ళు ఎంతమంది. వంద ఊళ్ళ వివరాలు చేరితే దాన్ని పట్టుకుని సలహా మండలిలో ఉన్న మన ఎమ్మెల్యేల దగ్గరికి వెళ్దాం.

జోహార్ కుమ్రం భీం. జోహార్ గంటందొర. జోహార్ ఇంద్రవెల్లి అమరులకు.

మావ నాటే, మావ రాజ్.